ఇటలీ పల్లెలోని పూటకూళ్లయిల్లు

2025వ సంవత్సరము డిసెంబరు నెలలో ఢిల్లీ నగరమున యునెస్కో సంస్థవారి సభ యొకటి జరిగెను. లోకమందలి జనులు తరతరములుగ కాపాడుకొనుచు వచ్చిన ఆచారములను, కళలను, పండుగలను గుర్తించి పట్టికలో నెక్కించుట ఆ సభవారి పని. మన దీపావళి పండుగ ఆ సభయందే పట్టిక కెక్కినదని చదువరు లెఱుగుదురు. ఆ దినములలోనే అదే పట్టిక కెక్కిన మఱియొక విషయము మాత్రము మనలో ననేకుల దృష్టికి వచ్చి యుండదు. అది ఇటలీదేశీయుల వంట. ఒక వంటకమునకు గాని, ఒక వంటవానికి గాని వచ్చిన గౌరవము కాదది. ఇంటిల్లిపాదియు కూడి వండుకొనుట, పెద్దలు పిన్నలకు నేర్పుట, ఋతువు ననుసరించి దొరకిన దానిని వ్యర్థము కానీయక వాడుకొనుట అను ఇంటివాడుకకే ఆ గౌరవము లభించెను.

ఈ వార్తను చదివినప్పుడు మాకు తలంపునకు వచ్చినది రోము నగరము కాదు, మిలాను నగరమును కాదు. ఉత్తర ఇటలీలో నొక చిన్నపల్లెయందున్న యొక భోజనశాల. ముగ్గురు స్త్రీల చేతులమీదుగ నెదిగిన ఆ యింటి చరిత్రమును మన సోదరీమణులకు తెలుపుట యీ వ్యాసమున మా యుద్దేశము.

భోజనశాల యనునది పెద్దపేరు. మన పూర్వులు దానిని పూటకూళ్లయిల్లనెడివారు. బాటసారులయొద్ద సొమ్ము తీసికొని పూట పూటకు అన్నము పెట్టు ఇల్లు పూటకూళ్లయిల్లు. దానిని నడుపునామె పూటకూళ్లమ్మ. మగదిక్కు లేని స్త్రీ తనకు వచ్చిన యొక్క విద్యను నమ్ముకొని పరువుగ బ్రతుకుటకు మన యూళ్లలో నాడున్న కొలది దారులలో నిది యొకటి. అయినను ఆ పేరు మన సాహిత్యమున పరిహాసమునకే పనికివచ్చెను. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' నాటకమందలి పూటకూళ్లమ్మను మనము వృత్తిపేరుతోనే యెఱుగుదుము గాని సొంతపేరుతో నెఱుగము. ఇంటిలో చేసినంతవఱకు వంట ధర్మము. అదే స్త్రీ దానిని వీధివారికి అమ్మిన చులకన. అదే పని పట్టణపు హోటలులో పురుషుడు చేసిన గొప్పవిద్య. ఈ తారతమ్యమును మనస్సున నుంచుకొని మన చదువరులు ఈ క్రింది కథను చదువవలెనని కోరుచున్నాము.

ఇటలీ ఉత్తరభాగమున పో యను మహానది పడమటినుండి తూర్పునకు ప్రవహించును. ఆల్ప్సు పర్వతములనుండి దిగివచ్చు నదు లనేకము దానిలో కలియును. వానిలో నొకటి ఓలియో. ఈ నదుల నడుమనున్న నేల మన డెల్టాభూములవలెనే చదునై, కాలువలతో నిండి, పైరుపచ్చలకు ప్రసిద్ధమైనది. ఇచ్చటి ముఖ్యనగరము మాంటోవా. సేద్యమును, పశువులను, తేనెటీగలను వర్ణించుచు కావ్యము వ్రాసిన వర్జిల్ మహాకవి క్రీస్తునకు పూర్వము 70వ సంవత్సరమున ఈ ప్రాంతమందే జన్మించెను. మాంటోవాకు పడమట సుమారు 40 కిలోమీటర్ల దూరమున ఓలియో నదియొద్ద కన్నేతో అను చిన్నపట్టణము, దానికి చేరువను రునాతే అను పల్లె కలవు. మేము చెప్పదలచిన యిల్లు ఆ పల్లెలోనిది. దాని పేరు 'దాల్ పెస్కాతోరే'. జాలరివాని యింట అని ఆ మాట కర్థము.

ఆ పేరు వట్టి యలంకారము కాదు. నేటికి సుమారు నూఱేండ్ల క్రిందట అంతోనియో సాంతీని యను జాలరియు, అతని భార్య తెరేసాయు ఇచ్చట నొక చిన్న పూటకూళ్లయిల్లు తెఱచిరి. నదిలో నతడు పట్టి తెచ్చిన చేపలను ఆమె వండి పెట్టెడిది. ఆ యింటికి మొదట పెట్టుకొన్న పేరు 'వీనో ఎ పేషే', అనగా ద్రాక్షసారాయము, చేపలు. వచ్చినవారికి పెట్టగలిగినదే పేరుగ వ్రాసికొన్నారన్నమాట. తరువాత వారి కుమారుడు జొవాన్ని బ్రూనా యను ఆమెను వివాహమాడెను. కోడలు అత్తగారి ప్రక్కను నిలిచి వంట నేర్చెను. ఇల్లు వృద్ధి పొందెను గాని పల్లెను విడువలేదు.

మూడవతరమున ఆ యింటికి వచ్చిన కోడలు నాదియా. ఈమె మిలాను విశ్వవిద్యాలయమున చదువుకొన్నది. తాతగారి పేరే పెట్టుకొన్న మనుమడు అంతోనియో ఆమెకు అచ్చటనే పరిచితుడయ్యెను. 1974వ సంవత్సరమున వారికి వివాహము జరిగెను. విశ్వవిద్యాలయమున చదివిన కోడలు పల్లెటూరి వంటయింట అడుగు పెట్టెను. మన కథలలోనైన అత్తాకోడండ్ర కలహము ఇచ్చటనే ఆరంభము కావలయును. రునాతేలో జరిగినది వేఱు. భర్తగారి నాయనమ్మ తెరేసా, అత్తగారు బ్రూనా, వీరిరువురును నాదియాకు గురువులైరి. మాట మన్ననకై చెప్పుచున్నది కాదు. నాదియా వంటవిద్య యంతయు ఆ వంటయింట, ఆ యిరువురి చేతిక్రింద నభ్యసించినదే.

ఇట్టి విద్యకు కొలతలు తక్కువ, గుఱుతు లెక్కువ. పిండి చేతి కెంత మెత్తగ తగిలిన చాలునో, వెన్న యేవాసన వచ్చినప్పుడు పొయ్యిమీదినుండి దింపవలయునో, తోటలోని కాయ యేదినమున కోయదగినదో పుస్తకమున వ్రాయవచ్చును గాని చదివినంతమాత్రమున చేతికి రాదు. చేయుచున్నవారి ప్రక్కను నిలువవలయును. నిలుచుటకు కోడలి కోర్కె యుండవలయును. నిలువనిచ్చుటకు అత్తగారికి మనస్సుండవలయును. ఈ రెండును కూడుట యెంత యరుదో మన యిండ్లలో నెఱుగనివారు లేరు.

ఫ్రాన్సుదేశమున మోటారుబండ్ల చక్రములకు రబ్బరు టైర్లు చేయు మిషెలిన్ కంపెనీవారు 1900వ సంవత్సరమున ప్రయాణీకులకై యొక మార్గదర్శినిని ప్రకటించుట మొదలిడిరి. కాలక్రమమున అందు భోజనశాలలకు నక్షత్రము లిచ్చు నాచార మేర్పడెను. ఒక నక్షత్రమే గొప్ప. మూడు నక్షత్రము లున్నచో, ఆ భోజనమునకై ప్రత్యేకముగ ప్రయాణము చేసి పోదగునని యర్థము. పల్లెలోని ఈ జాలరివాని యింటికి 1996వ సంవత్సరమున మూడవ నక్షత్రము లభించెను; పాతికేండ్లకు పైగా ఆ గౌరవము నిలిచినది. 2013వ సంవత్సరమున నాదియాకు ప్రపంచమందలి ఉత్తమ మహిళా పాచకురాలను బిరుదు వచ్చెను. ఇంత ప్రసిద్ధి వచ్చిన పిదపను అత్తగారు బ్రూనా వంటయింట పనిచేయుచునే యుండెను. నాదియా కుమారుడు జొవాన్ని తల్లి ప్రక్కను నిలిచి ఆ వంటనే నేర్చెను. నేర్చుకొనుట కోడండ్రతో ఆగక కుమారునివఱకు వచ్చుట మాకు మిక్కిలి సంతోషము కలిగించిన విషయము.

ఆ బిరుదును గుఱించి యొకమాట చెప్పవలసి యున్నది. స్త్రీలకు వేఱుగ బిరుదేల? వంటకు ఆడుమగ భేద ముండునా? అని పాశ్చాత్యదేశములలోనే పలువురు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ న్యాయమైనదే. ఇంటింట స్త్రీలే వండు లోకములో ఉత్తమపాచకుల పట్టికను చూడగా పురుషుల పేళ్లే కానవచ్చుట, పిదప స్త్రీలను వేఱొక పంక్తిలో కూర్చుండబెట్టుట హాస్యాస్పదము కాదా? అయినను ఆ బిరుదువలన నొక మేలు జరిగెను. లోకమునకు నాదియా పేరుతోబాటు తెరేసా, బ్రూనా పేళ్లును తెలిసెను.

ఇంక ఆ యింట వండు పదార్థములను గుఱించి. వంటయింటి వెనుకను కూరగాయలతోట కలదు. ఆ దేశమున చలి వదలిన పిమ్మట బఠానీలు, లేత యాకుకూరలు, మన పిల్లితీగెల జాతిదగు ఆస్పరాగసు మొలకలు వచ్చును. వేసవిలో టమాటాలు, వంకాయలు, లేతగుమ్మడి జాతికాయలు, వాని పువ్వులు. ఆకు రాలుకాలమున పుట్టగొడుగులు, ద్రాక్షలు, పండుగుమ్మడి. చలికాలమున క్యాబేజి, చేదు కలిగిన ఎఱ్ఱని యాకుకూర. ఏనెలకు తగిన వంట ఆనెలదే. ఇది గొప్పకై చేయునది కాదు. కోసిన గడియలో వండిన కూరకును, దూరదేశమునుండి పెట్టెలలో వచ్చిన కూరకును రుచి భేదము మన పెరటిలో నొక ఆనపపాదు పెంచిన యే గృహిణికైనను తెలియును.

ఆ ప్రాంతపు వంటకములలో మనకు మిక్కిలి చేరువైనది గుమ్మడికాయతో చేయు 'తోర్తెల్లి'. గోధుమపిండిని గ్రుడ్డుతో కలిపి అప్పడములకంటె పలుచగ వత్తి, చదరములుగ కోసి, నడుమ గుమ్మడి పూర్ణము పెట్టి మడిచి, నీటిలో నుడికించి, పైని కరగిన వెన్నయు తురిమిన జున్నును వేయుదురు. మన కజ్జికాయను నూనెలో వేయక నీటిలో నుడికించినట్లు తలంపుడు. మాంటోవావారు దీనిని ముఖ్యముగ క్రిస్మసు ముందటి రాత్రి భుజింతురు. ఆ రాత్రి మాంసము ముట్టరాదను నియమము వారికి పూర్వమునుండి కలదు. ఉపవాసపు నియమమునుండి పండుగవంట పుట్టుట మనకు క్రొత్త కాదు గదా!

పూర్ణములో గుమ్మడితోబాటు మూడు వస్తువులు చేరును. మొదటిది 'అమరెత్తి' యను బాదము బిస్కత్తుల పొడి. రెండవది పార్మా ప్రాంతపు గట్టిజున్ను. దాని యొక్కొక్క చక్రము సుమారు 40 కిలోల బరువుండును, ఒక్కదానికి 500 లీటర్లకు మించిన పాలు పట్టును, ఏడాదికి తక్కువ కాకుండ మాగబెట్టుదురు. మూడవది 'మొస్తార్దా'. దీనిని చదివినప్పుడు మేము నవ్వుకొంటిమి. ఆపిలుపండ్ల ముక్కలలో చక్కెర పోసి యొకనాడుంచి, ఊరిన పాకమును వంచి కాచి మరల పోయుదురు. ఇట్లు మూడుదినములు చేసి, తుదకు ఘాటైన ఆవసారము కలుపుదురు. తీపిలో ఆవఘాటు! ఇది బెల్లపావకాయకు చెల్లెలు కాక మఱేమి?

గుమ్మడి మాత్రము ఆ దేశపు సొంతకాయ కాదు. 1492వ సంవత్సరమున కొలంబసు అమెరికాకు దారి కనుగొనిన పిమ్మట ఐరోపాకు వచ్చినది. మన తీపిగుమ్మడియు అట్లే అమెరికానుండి వచ్చినదే. బూడిదగుమ్మడి యొక్కటియే ఆసియాఖండపుది. మాంటోవాకు పొరుగుననున్న ఫెర్రారా సంస్థానపు వంటశాలాధికారి రొస్సెత్తి 1584వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమునందే గుమ్మడి తోర్తెల్లి కలవు. అనగా క్రొత్తకాయ వచ్చిన నూఱేండ్లకే అది వారి యింటివంటలో నిమిడిపోయెను. 'మా దేశపు వంట' అని మనము పంతము పట్టు వానిలో నెన్నియో యిట్లు వచ్చి చేరినవే.

కాని కాయ వచ్చిన చాలదు, గింజ వచ్చిన చాలదు. వండు తెలివియు వెంట రావలయును. అది రానిచో నేమగునో ఈ పో నదీతీరపు బీదల చరిత్రమే చెప్పును. మొక్కజొన్నయు అమెరికానుండి వచ్చినదే. పంట మెండుగ వచ్చుటచేత 18, 19 శతాబ్దములలో ఉత్తర ఇటలీ కూలిజనమునకు మొక్కజొన్నసంకటియే ముప్పూటల కూడయ్యెను. దానిని 'పొలెంతా' యందురు. తక్కినవి దొరల పాలు. సంకటి తప్ప వేఱెఱుగని వారిలో 'పెల్లాగ్రా' యను భయంకరవ్యాధి వ్యాపించెను. చర్మము పగిలి నల్లబడుట, విరేచనములు, తుదకు మతిభ్రమ, మరణము. నయాసిను అను విటమిను లోపమే దీనికి కారణమని 20వ శతాబ్దమున తేలెను. మొక్కజొన్నయందా విటమిను లేకపోలేదు. మన శరీరమునకు అందని రూపమున బంధింపబడి యుండును. అమెరికాలోని ఆదిమజాతుల స్త్రీలు గింజలను సున్నపునీటిలో నుడికించి, కడిగి, నూఱి రొట్టె చేసెడివారు. ఆ సున్నమువలన బంధము వీడును. వారిలో ఈ వ్యాధి లేకపోవుటకు అదియే కారణము. గింజను ఓడలలో తెచ్చినవారు సున్నపునీటి సంగతి తేలేదు. ఆ తెలివి వంటయింటి స్త్రీలది. దానిని అడిగి తెలిసికొనవలెనని యెవరికిని తోచలేదు. దాని ఫలము ఒక దేశపు బీదలు తరతరము లనుభవించిరి.

ఇది దూరదేశపు మాటయని తలపరాదు. మన తెలంగాణమున జొన్నకూటినే నమ్ముకొన్న బీదలయందు ఇదే వ్యాధి కనబడెను. దానిని గుఱించి హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థలో డాక్టరు గోపాలన్‌గారును, వారి సహచరులును 1960 ప్రాంతమునుండి పరిశోధనలు చేసిరి. జొన్న చెడ్డదని దీని యర్థము కాదు. మన నేల పంటను తినుట మంచిదే. అదొక్కటే తినవలసి వచ్చుట బీదతనము. పప్పు, ఆకుకూర, పాలు, పండు చేరినప్పుడే ఋతువుల వంట ఆరోగ్యమగును. జాలరివాని యింటి తోటను మెచ్చుకొనువారు దీనిని మఱవరాదు.

మఱియొక సత్యమును చెప్పక తప్పదు. మూడు నక్షత్రముల భోజనము వెల సామాన్యుల కందునది కాదు. అయినను ఆ దేశమున సామాన్యకుటుంబములు పల్లెభోజనము చేయుటకు వేఱొకదారి కలదు. దానిని 'అగ్రితురిస్మో' అందురు. రైతు తన యింటనే అతిథులకు బసయు, తన పొలపు పంటతో భోజనమును నేర్పాటు చేయుట. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఇటలీ పల్లెలనుండి జనులు ఫ్యాక్టరీపనులకై పట్టణములకు వలసపోవ, పొలములు బీడులై, ఇండ్లు పాడువడెను. రైతుకు రెండవ రాబడి కల్పించిన గాని పల్లె నిలువదని గ్రహించి 1985వ సంవత్సరమున నొక చట్టమును, దాని స్థానమున 2006వ సంవత్సరమున మఱియొక చట్టమును చేసిరి. సేద్యమే ప్రధానముగ నుండవలయును, భోజనము దాని కనుబంధముగ నుండవలయునని ఆ చట్టముల నియమము. పొలము లేనివాడు ఆ పేరు పెట్టుకొనరాదు. సొంతపంటయు, చుట్టుప్రక్కల పంటయు విడిచి అంగడిసరకులతో నడుపుటకు వీలు లేదు. ఇట్టి యిండ్లు నేడు ఆ దేశమున వేలకొలది కలవు.

గుమ్మడి తోర్తెల్లిని మేమును కడచిన శీతకాలమున మా యింట చేసి చూచితిమి. మొదటిసారి గుమ్మడిముక్కలను నీటిలో నుడికించుటచే పూర్ణము జావయై, నీటిలో వేసినతోడనే కాయలు పగిలిపోయెను. ఇంటివారు నవ్విరి. రెండవసారి ముక్కలను నీరు తగులకుండ నిప్పుసెగపై మగ్గించి, మెదిపి, గుడ్డలో మూటగట్టి రాత్రియంతయు వ్రేలాడదీసితిమి. కిలో గుమ్మడికి నూఱు గ్రాముల వేయించిన బాదముపొడి, అంతే జున్నుతురుము, బెల్లపావకాయ ముక్కలు నాలుగైదు మెత్తగ నూఱినవి, కొంచెము జాజికాయపొడి కలిపితిమి. పైపిండిని నూఱు గ్రాములకు ఒక గ్రుడ్డు చొప్పున కలిపితిమి. గ్రుడ్డు తిననివారు సన్నని గోధుమరవ్వను వేడినీటితో కలిపి బాగుగ మర్దించి వాడవచ్చును. దక్షిణ ఇటలీవారు రవ్వపిండిని నీటితోడనే కలుపుదురు. ఈసారి కాయలు నిలిచెను. తిన్నవా రెవరును నవ్వలేదు.

ఆనాడు మాకు తోచిన దేమన, మన మా గుమ్మడికాయలను మాంటోవావారివలె వండుట ముఖ్యము కాదు. సంక్రాంతి దప్పళములో ముక్క యెప్పుడు వేయవలెనో, పనసపొట్టుకు ఆవ యెంత పట్టునో, చింతచిగురు ఏవారమున కోసిన లేతగ నుండునో మన యిండ్లలో నింకను తెలిసినవా రున్నారు. వారు మన నాయనమ్మలు, అత్తగార్లు. వారిని అడుగువారు మాత్రము తగ్గుచున్నారు. కోడండ్రు, కొమార్తెలు ఉద్యోగములకు పోవుట మంచిదే. నాదియాయు చదువుకొన్న స్త్రీయే. చదువు వంటకు శత్రువు కాదు. అడుగకపోవుటయే శత్రువు. ఒక్కతరము అడుగక యూరకున్న, తరువాతి తరమునకు అడుగుటకు మనుష్యులుండరు.

కావున మన సోదరీమణులను, వంటపై నాసక్తి గల సోదరులను గూడ మేము కోరున దొక్కటి. పండ్రెండు నెలలకు పండ్రెండు భాగములుగ నొక పుస్తకమును కుట్టుకొనుడు. ఏనెలలో మన యూర నేమి దొరకునో, దానితో మన యింట నేమి చేయుదురో పెద్దల ప్రక్కను నిలిచి చూచి, చేసి, వ్రాసికొనుడు. ప్రతి వంటకము ప్రక్కను అది నేర్పిన యామె పేరును తప్పక వ్రాయుడు. 'మా అత్తగారు' అని కాదు, 'మా నాయనమ్మ' అని కాదు, ఆమె సొంతపేరు.